ఇరవై రూపాయల గది

బొమ్మ చూపుడువేలంత ఉంటుంది.
కుడిచెయ్యి లేదు.
పట్నం బజారులో ఎవరి సంచిలోంచి జారిందో,
ఎక్కడ దొరికిందో కెజియా చెప్పదు.
"దీనికో గది కావాలి" అంది, అంతే.
ఆదివారం. మిర్చి యార్డుకి సెలవు.

మాకున్నదే ఒక్క గది.
అందులో ఐదుగురం, ఒక గ్యాసు బండ,
వానొస్తే లోపలికొచ్చే మా ఆయన సైకిలు.
నవ్వొచ్చింది నాకు.
అయినా అటక మీంచి బూట్ల పెట్టె దించాను.
మా మేస్త్రి కొడుకు పెళ్ళి బూట్లది.
ఎందుకు దాచానో నాకే తెలీదు.

ఇరవై నోటిచ్చి సందు చివరికి పంపాను.
గమ్ము పది, చమ్కీలు ఐదు,
మిగిలిన ఐదుకి చిల్లర లేదని
కొట్టాయన రెండు చాక్లెట్లు చేతిలో పెట్టాడట.

గోడలకి పాత శుభలేఖలు.
ఎవరో పెళ్ళికూతురి పేరున్న ముక్క
మంచం వెనక్కి పోయింది.
మంచమంటే రెండు అగ్గిపెట్టెలు,
పరుపు నా చిరిగిన జాకెట్టు చెయ్యి.
మాత్రల రేకు అద్దం.
పేస్టు మూత బక్కెట్టు.
"చెంబేది?" అంది.
చెంబు రేపు చూద్దాం అన్నాను, అప్పులాళ్ళకి చెప్పినట్టు.

చాప మాత్రం మా అత్త అల్లింది.
మిర్చి టిక్కీ గోనెలోంచి పోగులు లాగి,
కళ్ళజోడు లేకుండా, వేళ్ళతోనే చూసుకుంటూ.
అది పరవగానే కెజియా తుమ్మింది.
నేనూ తుమ్మాను.
"ఇదీ తుమ్మిందమ్మా" అని బొమ్మ ముక్కు తుడిచింది.

ఎన్నిసార్లు దులిపినా
తేజా కారం గోనెని వదలదు.
నా వేళ్ళనీ వదలదు.
ఈ పిల్ల పుట్టిన ఏడు
తొడిమలు తీసొచ్చిన చేతుల్తో
దానికి నేను ఒక్కసారీ నీళ్ళు పొయ్యలేదు.
అత్తే పోసింది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.
ఇప్పుడు గమ్ము చల్లగా తగిలి
పగుళ్ళకి హాయిగా ఉంటే
ఎవరూ చూడకుండా కాస్త ఎక్కువే పూసుకున్నాను.

అంతా అయ్యిందనుకున్నాక
"కిటికీ ఏది?" అంది.

మా ఓనరు కోటిలింగంగారిని
కిటికీ పెట్టించమని మూడేళ్ళ నుంచి అడుగుతున్నాం.
ఆ గోడకవతల వాళ్ళ తమ్ముడి స్థలమట,
కోర్టులో ఉందట,
తీర్పొచ్చాక చూద్దాంలే అంటాడు.
అద్దె పెంచడానికి మాత్రం ఏ తీర్పూ అక్కర్లేదు.

కత్తిపీట ముందు వేసుకుని కూర్చున్నాను.
పెట్టె వెనకవైపు, నలుచదరంగా.
అట్ట తెగుతుంటే ఆ చప్పుడుకి
ఎవరైనా వచ్చి అడుగుతారేమోనన్నట్టు
ఒకసారి తలుపు వైపు చూశాను.
కోసిన ముక్కని పారెయ్యనివ్వలేదు పిల్ల,
బల్ల చేసుకుంది.
ఊచలకి చీపురు పుల్లలు.
అద్దాలకి చాక్లెట్ కాయితాలు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు.
రెండో చాక్లెట్టు తాను తినకుండానే విప్పి
తమ్ముడి నోట్లో పెట్టేసింది, కాయితం కోసం.

రాత్రి సంగడిగుంటంతా కరెంటు పోయింది.
"దానికి చీకటంటే భయం" అని
నా ఫోను లైటు వెలిగించి పెట్టె లోపల పెట్టింది.

గోడ మీద కిటికీ పడింది.

మేము అడిగి అడిగి మానేసిన గోడ మీదే.
సగం ఎర్రగా, సగం పసుపుగా,
ఊచల నీడలతో సహా,
నేను లేచి నిలబడితే నా తల పట్టేంత.
అత్త విసనకర్ర ఆపింది.
సైకిలు లోపలికి తోస్తున్న మా ఆయన
ఒక చక్రం గుమ్మానికి అవతలే ఉంచి నిలబడిపోయాడు.
ఎవరం ఏమీ అనలేదు.

కెజియా బొమ్మకి దుప్పటి కప్పి,
మా వంక తిరక్కుండానే
"అమ్మా, ఆ కిటికీ ముయ్యి,
దోమలొస్తాయి" అంది.